హనుమకొండలో కొత్త టవర్‌లో ఫ్లాట్ కొనాలా, ఆగాలా? మన ఊరు నిజంగా పెరుగుతోందా, హోర్డింగులేనా?

ఓరుగల్లు_దూరం:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, అమ్మానాన్న మాత్రం పాత ఇంట్లోనే ఉన్నారు. నాన్నకి మోకాళ్లు అరిగిపోయాయి. ఉండేది పై పోర్షన్‌లో, కాబట్టి మెట్లు దిగాలంటే పెద్ద ప్రయాణం, పాల ప్యాకెట్ కావాలన్నా కింద కిరాయికున్న వాళ్లలో ఎవరినో ఒకరిని కేకేయాల్సిందే. అందుకని లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ ఏదైనా చూద్దామని పోయిన ఆదివారం ఊరంతా తిరిగాను.

నేను చదువుకునే రోజుల్లో ఇక్కడ ఐదంతస్తులంటేనే పెద్ద బిల్డింగ్. ఇప్పుడు కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా వస్తుంటే హోర్డింగుల్లోనే ఇంకో ఊరు కనిపిస్తోంది. ఒక సైట్ దగ్గర ఆగాను. పన్నెండు అంతస్తులట, రెండు బ్లాకులట, వంద ఫ్లాట్లట. బ్రోచర్‌లో టవర్ పైన విమానం కూడా ఎగురుతోంది! సేల్స్ కుర్రాడు నా కారు డోర్ తీయకముందే మొదలుపెట్టాడు, మామునూరు ఎయిర్‌పోర్ట్ వచ్చేస్తోంది సార్, రింగ్ రోడ్డు పక్కనే సార్, మాస్టర్ ప్లాన్ వచ్చేసింది సార్, ఇప్పుడు ప్రీ లాంచ్‌లో మొత్తం డబ్బు కట్టేస్తే చదరపు అడుగు మీద చాలా తగ్గుతుంది సార్, వచ్చే నెల రేటు వేరు సార్. అనుమతులు వచ్చాయా అంటే "ప్రాసెస్‌లో ఉన్నాయి సార్" అన్నాడు.

జాగ మాత్రం బాగుంది, రోడ్డు వెడల్పుగా ఉంది. వెనకవైపు ఒక పాత కాంపౌండ్ గోడ ఉంది, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మోకాలి ఎత్తులో ఒక నల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు. అదేంటని అడిగితే పెయింట్ పోయింది సార్ అన్నాడు. నేనూ అంతగా పట్టించుకోలేదు.

నా ప్రశ్నలు రెండే. ఈ ఎయిర్‌పోర్టు, టెక్స్‌టైల్ పార్కు, పెద్ద దవాఖాన, మాస్టర్ ప్లాన్, వీటిలో నిజంగా జరిగేదెంత, రేటు పెంచుకోడానికి చెప్పేదెంత? రెండోది, ఇలాంటి ఫ్లాట్ కొనేముందు ఏమేం చూడాలి? రియల్ ఎస్టేట్ వాళ్లు కాకుండా ఊళ్లో ఉంటున్నవాళ్లు చెబితే బాగుంటుంది.

చౌరస్తా_చాయ్:

అన్నా, మీ ఇంట్లో కింది పోర్షన్ కిరాయికి ఇచ్చారు కదా. వాళ్లని పైకి పంపి అమ్మానాన్నని కిందికి దింపితే కోటి రూపాయల సమస్య సామాన్ల ఆటో ఖర్చుతో తీరిపోతుంది కదా?

ఓరుగల్లు_దూరం:

నవ్వొచ్చింది కానీ అదీ ఆలోచించాం. కింద ఉండలేకనే పైకి ఎక్కారు. తాతయ్య కట్టినప్పుడు గుమ్మంలోకి రావాలంటే రోడ్డు మీంచి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు, దాని మీద సీసీ, మళ్లీ దాని మీద ఇంకో లేయర్. ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగుతున్నాం. గట్టి వాన పడితే మోరీ నీళ్లు నేరుగా హాల్లోకే. అందుకే కింద తక్కువ కిరాయికి ఇచ్చేశాం, ఉన్నవాళ్లు కూడా మంచాల కింద ఇటుకలు పెట్టుకుని కాలం గడుపుతున్నారు.

సైట్_ఇంజనీర్_బాబాయ్:

నేను ఇరవై ఏళ్ల పైనుంచి ట్రైసిటీలో, అంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో, కన్‌స్ట్రక్షన్‌లోనే ఉన్నా. అపార్ట్‌మెంట్లు కట్టాను, బిల్డర్ల దగ్గర పనిచేశాను, కొన్ని సైట్ల నుంచి తప్పుకున్నాను కూడా. తమ్ముడూ, నీ పోస్టులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఎయిర్‌పోర్టు కాదు, ఆ గోడ మీద గీత. పెయింట్ పోతే పెచ్చులు పెచ్చులుగా పోతుంది, గోడ పొడవునా ఒకే ఎత్తులో గీత గీసినట్టు పోదు. అది నీళ్లు వచ్చి, నిలబడి, నెమ్మదిగా దిగిపోయిన గుర్తు. దాని సంగతి తేలేదాకా బుకింగ్ మాట ఎత్తకు.

ముందు కాగితాల సంగతి. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, దాని నంబర్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, బుకింగ్ తీసుకోవడం ఇంకా తప్పు. 2016 చట్టంలోనే ఉంది ఇది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్టర్ చేయాల్సిందే. వంద ఫ్లాట్లవాడికి తప్పించుకునే దారే లేదు. "ప్రాసెస్‌లో ఉంది" అంటే లేదు అని అర్థం. ప్రీ లాంచ్ అని మొత్తం డబ్బు ముందే అడుగుతున్నాడంటే నీ డబ్బుతో వాడు జాగ కొంటున్నాడన్నమాట. చట్టం ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల దగ్గర వచ్చిన దాంట్లో 70 శాతం వేరే అకౌంట్‌లో ఉండాలి, ఆ ప్రాజెక్టు జాగకి, కట్టుబడికి తప్ప దేనికీ తీయకూడదు. రిజిస్టర్ చేయనివాడికి ఆ అకౌంటే ఉండదు, ఇక నీ డబ్బు ఏ ఊళ్లో ఏ పునాదిలోకి పోతుందో ఎవడికి తెలుసు.

కొందరు తెలివిగా ఫ్లాట్ కాకుండా జాగలో వాటా రిజిస్టర్ చేస్తారు. రెండు వేల గజాల్లో ఎనభై ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి పాతిక గజాలు వస్తుంది. కాగితం మీద నువ్వు పాతిక గజాలకి ఓనర్‌వే. పర్మిషన్ రాకపోతే ఆ పాతిక గజాలు ఎక్కడున్నాయో చూపించమను చూద్దాం.

పర్మిషన్ వచ్చిందని చెబితే శాంక్షన్ ప్లాన్ కాపీ అడిగి అంతస్తులు నువ్వే లెక్కపెట్టు. బ్రోచర్‌లో పన్నెండు ఉండి ప్లాన్‌లో తొమ్మిదే ఉన్న సైట్‌లో నేను పనిచేశాను, ఏది అని అడక్కు. కట్టేవాడు కట్టుబడిలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ (ఇక జనం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. నీకు చూపిస్తున్న ఫ్లాట్ ఆ తనఖాలో ఉందో లేదో చూసుకో, జనం అసలు అడగనే అడగరు. ఓసీ లేకుండా గృహప్రవేశాలు చేసేసి ఏళ్ల తరబడి తాత్కాలిక కరెంటు మీద, ట్యాంకర్ నీళ్ల మీద నడుస్తున్న బిల్డింగులు నాకు తెలుసు.

ఇక నీళ్ల సంగతి. మనది కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల. ఒక చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువులోకి పోవాలి, మధ్యలో వాగో నాలానో ఉంటుంది. మనం ఏం చేశాం, చెరువులు పేరుకి ఉంచి మధ్యలో దారులన్నీ ప్లాట్లు చేసుకున్నాం. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని అంచు నుంచి 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లు. కాగితం మీద నాలా ఎంత వెడల్పుందో చూడాలి సుమా, ఇప్పుడు కంటికి కనపడే మోరీ కాదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

పేరు కూడా భలే కుదిరింది మనకి. వ్యవసాయ భూమిని ఇళ్ల జాగగా మార్చుకునే కాగితాన్నీ నాలా అనే అంటాం, నీళ్లు పోయేదాన్నీ నాలా అనే అంటాం. "నాలా క్లియర్ సార్" అని సేల్స్ వాళ్లు అంటే ఏ నాలా అని అడుగు.

సర్వే నంబర్ తీసుకుని 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి భూముల రికార్డు, నకలు తీయించు. అందులో శిఖం (చెరువులో మునిగే భూమి) అనో, కుంట అనో ఉంటే ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, ఎన్ని లింక్ డాక్యుమెంట్లున్నా అది చెరువు భూమే. రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లిచ్చే ఈసీ మాత్రమే చూసి మురిసిపోవద్దు. ఈసీలో లావాదేవీలు కనపడతాయి, నీళ్లు కనపడవు.

నాలా_పక్కింటాయన:

ఇంజనీర్ గారు చెప్పిన గీతలు మా ఇంట్లో మూడున్నాయి. నయీంనగర్ వైపు మా ఇల్లు, నాలాకి రెండు గల్లీల అవతల. 2020 ఆగస్టులో రాత్రంతా వాన పడింది, తెల్లవారి నాలుగింటికి మంచం దిగితే పాదం నీళ్లలో పడింది. పదినిమిషాల్లో ఫ్రిజ్ పడుకుంది. అంతే, పడవలా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. మా ఆవిడ సర్టిఫికెట్ల సంచీ నెత్తిన పెట్టుకుంది, నేను గ్యాస్ బండ ఆపి పిల్లోణ్ణి ఎత్తుకున్నా. పక్కింటి డాబా మీద మధ్యాహ్నం దాకా ఉన్నాం.

మా చిన్నోడి ఎత్తు వంటింటి గుమ్మం మీద పెన్సిల్‌తో గీస్తుంటాం. ఆ గుమ్మం మీదే మా ఆవిడ నీళ్ల ఎత్తు కూడా గీసి తేదీ రాసింది. 2023 జులైలో రెండో గీత. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు మూడోది. మూడిట్లో చివరిది కాస్త కిందే ఉంది, అది నిజం చెప్పాలి. 2024లో పాత బ్రిడ్జి తీసేసి కొత్తది కట్టారు, నాలా వెడల్పు చేసి రెండువైపులా గోడలు లేపారు, దాంతో మా గల్లీకి కొంత మేలు జరిగింది. కానీ మాకు తగ్గిన నీళ్లు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, మొన్న మాకన్నా ఇంకొన్ని కాలనీలు ఎక్కువ మునిగాయి, ఇంతకుముందు అక్కడ నీళ్లే చూడలేదని వాళ్లు అన్నారు.

టవర్లకి నేను వ్యతిరేకం కాదు. పన్నెండో అంతస్తులో ఉంటే నీళ్లు రావు, నిజమే. కానీ కింద సెల్లార్‌లో మీ కారు ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, లిఫ్ట్ మోటార్లకి కరెంటు ఇచ్చే ప్యానెల్ ఉంటుంది. అవి మునిగితే మీ నాన్నగారు పన్నెండో అంతస్తులో చిక్కుకుంటారు, ఇప్పుడైతే కనీసం ఒక్క అంతస్తే. సైట్‌లో సెల్లార్ ఉందా, స్టిల్ట్ (నేల మట్టంలో స్తంభాల మధ్య పార్కింగ్) మాత్రమేనా, ప్యానెల్ గది ఎక్కడ, ఈ మూడూ అడగండి.

ఇంకో మాట. టవర్ కట్టేవాడు తన జాగని రోడ్డుకన్నా నాలుగడుగులు మట్టి పోసి లేపుతాడు. వాడికి మంచిదే. అప్పటిదాకా ఆ గుంతలో నిలబడిన నీళ్లు పక్కనున్న పాత ఇళ్లలోకి పోతాయి. మీ పాత ఇంటి కథా అదే, కాకపోతే మీ దగ్గర రోడ్డు లేచింది.

మామునూరు_ఎగిరేదాకా:

ఇక్కడ అందరూ భయపెట్టేవాళ్లే ఉన్నారు. కాస్త రెండోవైపు కూడా చూడండి. పదేళ్ల కిందట వరంగల్‌లో ఏముంది? ఇప్పుడు లెక్కపెట్టండి. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన చేశారు, ఇప్పుడు అక్కడ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, కొరియా కంపెనీ, కేరళ కంపెనీ వచ్చాయి. 2020 జనవరిలో మడికొండలో ఐటీ కంపెనీలు తెరిచారు. 2023 జులైలో కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకి ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. ఎయిర్‌పోర్టుకి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది, శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి కట్టొద్దన్న పాత ఒప్పందం అడ్డం కూడా తొలిగిపోయింది. నిట్ ఉంది, కేయూ ఉంది, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఉంది, ఎనుమాముల మార్కెట్ ఉంది. 42 గ్రామాలు కలిశాక కార్పొరేషన్ 400 చదరపు కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్ తర్వాత ఊరేదంటే ఇదే. ఇలాంటి ఊళ్లో టవర్లు రాక ఏమొస్తాయి? అందరూ ఇండిపెండెంట్ ఇల్లే కావాలంటే ఊరు జనగామ దాకా పాకుతుంది, అప్పుడు పొలాలూ పోతాయి, మీ చెరువులూ పోతాయి. పైకి కట్టడమే మంచిది.

నేను రెండేళ్ల కిందట ఒక ఫ్లాట్ కొన్నాను, మంచి కిరాయి వస్తోంది, డాక్టర్ ఫ్యామిలీ ఉంటున్నారు.

చౌరస్తా_చాయ్:

శంకుస్థాపనల లెక్క బాగుంది అన్నా. ప్రారంభోత్సవాల లెక్క కూడా చెప్పు. కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న కొబ్బరికాయ కొట్టారు, 2024 నవంబరు 19న తలుపులు తీశారు. ఒక ఆడిటోరియానికి పదేళ్లు. మా అన్న కూతురు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ చూసింది, తలుపులు తీసేనాటికి ఇంటర్‌కొచ్చింది.

సైట్_ఇంజనీర్_బాబాయ్:

మామునూరు తమ్ముడు చెప్పినవేవీ అబద్ధాలు కావు. పైకి కట్టడమే మంచిదన్న మాట నేనూ ఒప్పుకుంటా. కానీ పైకి కట్టేముందు కింద ఏముందో చూడాలి కదా.

ఆ వంద ఫ్లాట్ల లెక్కే తీసుకో. ఫ్లాట్‌కి నలుగురు అనుకుంటే 400 మంది. మురుగు పైపులైన్లున్న పట్నాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ లెక్క. అంటే రోజుకి 54,000 లీటర్లు కావాలి. వాడిన దాంట్లో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది, అంటే రోజుకి 43,000 లీటర్ల పైన. అది ఎక్కడికి పోతుంది? మన ట్రైసిటీలో ఊరంతటికీ భూగర్భ డ్రైనేజీ లేదు. 2024 నవంబరులో రూ.4,170 కోట్లతో చేస్తామని పాలనా అనుమతి ఇచ్చారు, మంచిదే, కానీ పైపు మీ వీధికి వచ్చేదాకా సెప్టిక్ ట్యాంకో, మురుగుని శుద్ధి చేసే సొంత ఎస్టీపీయో ఉండాలి. ట్యాంకర్‌తో తోడించాలంటే ఐదువేల లీటర్ల బండి రోజుకి తొమ్మిది ట్రిప్పులు కొట్టాలి. ఏ అసోసియేషన్ కొట్టిస్తుంది? రాత్రి పూట నాలాలోకి పైపు పెడతారు. భద్రకాళి చెరువుని 2024 నవంబరులో పూర్తిగా ఖాళీ చేసి పూడిక తీయాల్సి వచ్చిందంటే ఏళ్ల తరబడి అందులోకి ఏం పోయిందో మనకి తెలియంది కాదు.

కాబట్టి ఎస్టీపీ ఎంత సామర్థ్యానిదో ప్లాన్‌లో చూడు. చుట్టూ గడ్డి వేసి మధ్యలో ఫౌంటెన్ పెట్టిన బొమ్మ చూపిస్తారు, ఎస్టీపీ బొమ్మ ఎవడూ చూపించడు.

పర్మిషన్ల గురించి ఒక్క మాట, 2020లో ఆన్‌లైన్‌లో బిల్డింగ్ పర్మిషన్లిచ్చే బీపాస్ చట్టం వచ్చాక మంచి పనే జరిగింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు దాటని ఇల్లయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే, పెద్ద బిల్డింగులకి 21 రోజుల్లో. గుమాస్తాల చుట్టూ తిరగడం తగ్గింది. కానీ ఆ 21 రోజుల్లో ఎవరూ వానాకాలంలో వచ్చి నీ సైట్ ముందు నిలబడరు. ఆ పని కొనేవాడే చేసుకోవాలి.

మాస్టర్ ప్లాన్ అడిగావు కదా. ఇంతకుముందున్నది 1970ల మొదట్లోది, దాన్నే పట్టుకుని యాభై ఏళ్లు నడిపాం. 2041 దాకా చూసి చేసిన కొత్త ప్లాన్‌కి 2024 నవంబరులో ఆమోదం వచ్చింది. సేల్స్ కుర్రాడు "మాస్టర్ ప్లాన్ వచ్చేసింది" అని మురిసిపోతాడు గానీ, అందులో నీ సర్వే నంబర్ ఏ రంగులో ఉందన్నది ముఖ్యం. కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఆఫీసులో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ప్రతిపాదిత రోడ్డు నీ బ్లాకు మధ్యలోంచి పోతున్నా అక్కడే తెలుస్తుంది.

ఖిలా_కోట:

మా సంగతి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేనే చెబుతున్నా. ఫ్లాట్ చూస్తున్నది హనుమకొండలో అంటున్నారు, వేయిస్తంభాల గుడికి ఎంత దూరమో చూసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్తగా ఏదీ కట్టకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు కట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి, ఎత్తుకీ పరిమితులు పెడతారు. 2010లో చట్టం మార్చాక గట్టిగా అమలవుతోంది.

మేము ఖిలా వరంగల్‌లో ఉంటాం. కోట లోపలే ఊరు. మా తాత కట్టిన వెనక గది స్లాబు కురుస్తోంది, ఇనుప చువ్వలు బయటికొచ్చి వేలాడుతున్నాయి. బాగు చేయించుకోడానికి కాగితం పట్టుకుని రెండేళ్లు తిరిగా. ఒక చోట ఫొటోలు కావాలన్నారు, ఇంకోచోట పాత ప్లాన్ కావాలన్నారు. మా తాత ప్లాన్ గీయించి కట్టలేదు, గుంజ పాతి దారం కట్టి కట్టాడు. చివరికి రిపేరుకి అనుమతొచ్చింది, పైన ఇంకో గది మాత్రం కుదరదన్నారు. తమ్ముడికి పెళ్లయింది, అదే ఇంట్లో చాపలు అడ్డం కట్టుకుని రెండు కాపురాలు.

కోపం వస్తుంది. అయితే సాయంత్రం తోరణాల దగ్గర కూర్చుంటే చుట్టూ ఒక్క టవర్ కూడా అడ్డం రాకుండా ఆకాశం కనిపిస్తుంది. ఈ ఊళ్లో అలాంటి చోటు ఇంకొకటి మిగిలిందా అంటే చెప్పలేను. 1886 నాటి సెంట్రల్ జైలుని 2021లో కూల్చి ఆ జాగలో 24 అంతస్తుల దవాఖాన మొదలుపెట్టారు. దవాఖాన అవసరమే, మన ఎంజీఎం దవాఖానలో ఒక మంచం మీద ఇద్దరు పడుకున్న రోజులు చూశాను. కానీ ఆ జైలు గోడలు నెల రోజుల్లో మాయమైపోతే ఊళ్లో ఎవరం పెద్దగా ఏమీ అనలేదు, నేనూ అనలేదు. అదే మా కోట గోడ మీద చెయ్యేస్తే ఊరుకుంటామా. ఏది పాతది, ఏది ఉంచాల్సింది అన్నదానికి మనకి సరైన లెక్క లేదు.

మామునూరు_ఎగిరేదాకా:

ఒక మాట ఒప్పుకోవాలి. సైట్ ఇంజనీర్ గారి పోస్ట్ చదివాక మా అసోసియేషన్ గ్రూపులో ఓసీ కాపీ ఉందా అని అడిగా. ఇద్దరు థంబ్స్ అప్ పెట్టారు, కాపీ ఎవరూ పెట్టలేదు. సెక్రటరీ గారు "బిల్డర్ దగ్గర ఉంది" అన్నారు. చూడాలి.

ఓరుగల్లు_దూరం:

అందరికీ చాలా థ్యాంక్స్. లేటుగా రాస్తున్నా, నిన్న మళ్లీ వెళ్లొచ్చాను. ఈసారి నాన్నని కూడా కారులో తీసుకెళ్లా.

సైట్ దగ్గర కారు ఆపగానే నాన్న అద్దం దించి చూసి, "ఇదా? ఇక్కడ సైకిల్ దిగి నెట్టుకుంటూ పోయేవాళ్లం" అన్నారు. ఎందుకు అంటే దారి దిగుడుగా ఉండేదట, కింద కుంట, వానాకాలంలో దారి మీదికి వచ్చేదట. సేల్స్ కుర్రాడు పక్కనే ఉన్నాడు, అదంతా ముందెప్పుడో తాతా అన్నాడు. నాన్న కారు దిగలేదు. చెయ్యి బయట పెట్టి ఆ గోడ చూపించి, "మరి ఆ గీత ఎప్పటిది" అన్నారు. కుర్రాడు ఫోన్ చూసుకున్నాడు.

రోడ్డు అవతల కల్వర్టు ఉంది, నేను మొదటిసారి చూడనేలేదు. వంగి చూశా. రెండు తూములున్నాయి. ఒకటి మట్టితో పూడిపోయింది, రెండోదాంట్లో ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్. దాని రెండో చివర నేరుగా ఈ సైట్ ప్రహరీకే పోతుంది. అంటే అవతల నుంచి వచ్చే నీళ్లు ఈ జాగలోకే రావాలి, వేరే దారి లేదు. రెరా నంబర్ అడిగితే వాట్సాప్‌లో పంపుతా అన్నాడు. ఇంకా రాలేదు. రేటు మాత్రం ఇంకొంచెం తగ్గిస్తామని రెండుసార్లు మెసేజ్ చేశాడు.

ఖాస్రా పహాణీకి అప్లై చేశాను, అది వచ్చాక ఏముందో ఇక్కడే పెడతా, వేరేవాళ్లకైనా పనికొస్తుంది. ఆ సైట్ అయితే మాకు వద్దు. ఇంకో రెండు చూశాం, రెరా ఉంది, స్టిల్ట్ మాత్రమే, జాగ మెరక మీద ఉంది, కానీ అమ్మకి నచ్చలేదు, పక్కింటివాళ్లు తలుపులు వేసుకునే ఉంటారట.

ఇంటికొచ్చాక నాన్న ఒక మాట అన్నారు, ఆ కోటి రూపాయల్లో పదో వంతు పెట్టి మన ఇంటికే బయటి గోడకి ఆనించి చిన్న లిఫ్ట్ పెట్టించొచ్చు కదా అని. నేను అసలు ఆలోచించలేదు. కానీ కింద నీళ్లు వస్తాయి కదా, లిఫ్ట్ గుంత మునుగుతుందేమో అని టెన్షన్. బాబాయ్ గారూ, గుంత తవ్వకుండా నేల మట్టం నుంచే లేచే లిఫ్టులు ఉంటాయా? దానికి మళ్లీ పర్మిషన్ కావాలా? రోడ్డు కన్నా కిందికి పోయిన ఇంటికి ఎవరైనా పెట్టించి ఉంటే ఎలా చేశారో చెప్పండి.

సైట్_ఇంజనీర్_బాబాయ్:

ఉంటాయి. గుంత లేకుండా, లేదంటే అరడుగు గుంతతో అయిపోయేవి కూడా ఉన్నాయి. ఇంటి సెట్‌బ్యాక్, అంటే గోడకీ ప్రహరీకీ మధ్య వదిలిన జాగ, ఎంతుందో కొలిచి, బయటి గోడ ఫొటో, మీటర్ బోర్డు ఎక్కడుందో అదీ పెట్టు. ఆ మీటర్ బోర్డు కిందే ఉంటే లిఫ్ట్ కన్నా ముందు దాన్ని పైకి జరిపించు, ఈ వానాకాలం లోపే.